గుర్రాల కంచె: గోరీల మీది గడ్డి

ఖాజాబీని పోయిన వారం మనం ఖబ్రస్తాన్ గోడ మీద కూర్చోబెట్టి వచ్చాం. చేతిలో కొడవలి, నెత్తిన కొంగు, ఒళ్ళంతా చెమట, ముఖం నిండా గర్వం. మరో నలుగురు ఆడవాళ్ళను వెంటేసుకుని రెండు రోజులు నడుం విరిగేలా పనిచేసి, సిద్దీగూడెం పెద్దలు పడుకున్న నూటపన్నెండు గోరీల మీదా మోకాలెత్తు పెరిగిన గడ్డిని కోసేసింది. ఊడ్చింది. సున్నం కూడా కొట్టించింది. ఎందుకంటే సోమవారం కమిటీ వస్తోంది. రెండు వందల నలభై ఎకరాల గుర్రాల కంచె పనికిరాని బీడా కాదా అని తేల్చేది ఆ కమిటీయే. బీడని రాస్తే కంచె మొత్తం నీలగిరి తోటకు పోతుంది. కాదని రాస్తే గూడెం చేతిలోనే ఉండి, పాత గడ్డిని మళ్ళీ పెంచే పని సాగుతుంది. అంత పెద్దమనుషులు వచ్చే వేళకు పెద్దల గోరీలు తైలసంస్కారం లేని తలల్లా ఉంటే గూడెం ఇజ్జత్ ఏం కావాలి? అదీ ఖాజాబీ ఆలోచన. అది ఎంత తప్పో పోయిన వారమే నాకు తెలుసు. చెబితే ఈ వారం మీరు చదవరని ఊరుకున్నాను.

కొత్తగా వచ్చినవారికి రెండు మాటలు చెప్పాలి. సిద్దీగూడెం వాళ్ళ తాతముత్తాతలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. సంస్థానం రోజుల్లో రాజు తన గుర్రపు దళం కోసం వాళ్ళను తెప్పించి, ఈ ఎర్రమట్టి గుట్టల నడుమ దించాడు. మగవాళ్ళు సవారీకి, ఆడవాళ్ళు గుర్రాలకు గడ్డి కోయడానికి. తర్వాత రాజ్యం పోయింది, గుర్రాలు పోయాయి, సిద్దీలు మాత్రం ఉన్నారు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. కోపం వస్తే మాత్రం ఇంట్లో కూడా తెలుగే. తిట్టడానికి దానంత కమ్మని భాష లేదని ఖాజాబీ నాయనమ్మ లాల్‌బీ దాదీ అభిప్రాయం.

గుర్రాలు పోయాక కంచెను సర్కారు తుమ్మ మింగేసింది. మూడేళ్ళ కిందట కేతేపల్లి నుంచి సుహాసిని అనే అమ్మాయి వచ్చింది. గడ్డి మీద పెద్ద చదువు చదివింది. ఆమె, ఖాజాబీ, గూడెం ఆడవాళ్ళు కలిసి ఇరవై ఎకరాల్లో తుమ్మను వేళ్ళతో సహా పీకారు. మొదటి ఏడాది బయటి నుంచి బస్తాల్లో తెచ్చిన విత్తనం చల్లితే ఒక్క పోచ నిలవలేదు. రెండో ఏడు లాల్‌బీ ఒక మూట తెచ్చి ఖాజాబీ ఒళ్ళో పడేసింది. "ఇది చల్లు" అంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. మృగశిర వానలకు ఆ గింజ మొలిచింది. గూడెం వాళ్ళు 'గుర్రపు గడ్డి' అని చెప్పుకునే గడ్డి, ఎర్రకంకి గడ్డి, దాదీ నోట వినడమే తప్ప ఖాజాబీ కంచెలో ఏనాడూ చూడని గడ్డి అంతా లేచి నిలబడింది. మూడో ఏడు ఇంకో మూట వచ్చింది. అలా పదెకరాలు పచ్చబడ్డాయి. కానీ అదింకా లేతగడ్డి. కంకి తీస్తుంది గానీ లోపల తాలు. ఈసారి ఇంకో పదెకరాలకు సరిపడే గింజ గూడెమే సొంతంగా చూపించాలని కమిటీ షరతు పెట్టింది. ఖాజాబీకి ఫికర్ లేదు. దాదీ మూట ఉండనే ఉంది.

ఇక సోమవారం పొద్దున్న సంగతికి వద్దాం.

లాల్‌బీ మహబూబ్‌నగర్ కంటి దవాఖాన నుంచి ఆటోలో దిగింది. వారం కిందట కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎనభై దాటిన మనిషి, నల్లద్దాలు పెట్టుకుని వచ్చేసరికి గూడెం పిల్లలందరికీ పండగ అయింది. ఆమె ఎవరినీ పలకరించలేదు. ఇంట్లోకి పోలేదు, నీళ్ళు తాగలేదు. చేతిసంచిలోంచి మడత పెట్టిన గోనెసంచి తీసి చంకన పెట్టుకుని నేరుగా ఖబ్రస్తాన్ దారి పట్టింది. ఖాజాబీ ఎదురు పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. కొడుకు కూతురే అయినా, ఆ దాదీ నోట మెచ్చుకోలు రావడం ఏడాదికి ఒక్కసారి. ఆ ఒక్కసారి ఈ రోజేనని ఆమెకు గట్టి నమ్మకం.

"జర అద్దాలు తీసి చూడు దాదీ. గిట్ల ఎన్నడన్న ఉన్నదా మన ఖబ్రస్తాన్?"

లాల్‌బీ అద్దాలు ముక్కు మీదికి జార్చింది. రెండెకరాల నేల బోడిగా ఎర్రగా ఉంది, దాని మీద తెల్లటి సున్నం గోరీలు. ముసలామె ఆ చివర నుంచి ఈ చివరిదాకా గోరీలన్నీ చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఎవ్వరే, నా మొగని నెత్తి గొరిగింది?"

ఖాజాబీకి నవ్వొచ్చింది. "నేనే దాదీ. ఐదుగురం కలిసి చేసినం. రెండు దినాలు నడుమెత్తలే."

"అందరివీ గొరిగిన్రా?"

"అందరివీ."

"మూలకున్నది? పేరు లేనిది?"

"అది గూడ ఇడువలే."

లాల్‌బీ ఉన్నచోటనే కూలబడింది. ఖాళీ గోనెసంచి ఒళ్ళో పరుచుకుని దాని ముడతలు చేత్తో సాపు చేయసాగింది. అప్పుడు గానీ ఖాజాబీకి అనుమానం రాలేదు. కంటి ఆపరేషన్ అయిన మనిషి దవాఖానకు గోనెసంచి ఎందుకు వెంట తీసుకుపోయింది?

"రెండేండ్ల సంది నీ ఒళ్ళె మూట ఏస్తున్న" అంది లాల్‌బీ. "గా గింజ యాడికెల్లి తెస్తున్ననుకున్నవ్ బిడ్డా?"

 ఖాజాబీ కూడా కింద కూర్చుంది.

"గుర్రాలు పోయినంక కంచెల ఊరి గొడ్లు పడ్డయ్. వాటెన్క తుమ్మ పడ్డది. గడ్డి పోతాందని మా అత్త ఒక్కతే పసిగట్టింది. పొలంల దాస్తే దున్నుతరు. ఇంట్ల దాస్తే పుచ్చిపోతది. సచ్చినోళ్ళ మీద దాస్తే ఎవ్వడు ముట్టడు అన్నది మా అత్త. గప్పటిసంది మనోళ్ళు ఎవ్వరు పోయినా, మట్టి కప్పినంక గుప్పెడు గింజ చల్లుడే. అందరు ఆచారమనుకున్నరు. మీ అబ్బా మీద నువ్వే చల్లినవ్, యాదికి లేదా?"

యాదికి లేకేం? పదకొండేళ్ళ కిందట, తండ్రి మీద మట్టి కప్పాక, దాదీ తన గుప్పిట్లో పోసిన గింజలు అరచేతికి ముల్లులా గుచ్చుకోవడం ఖాజాబీకి ఇప్పటికీ గుర్తుంది. అది దువా అనుకుంది. దువాయే. కానీ ఆ దువా ఏటా కంకి వేస్తోందని, ఆ కంకే కంచెలోకి నడిచి వస్తోందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"నాకెందుకు చెప్పలే దాదీ?"

"చెప్తే? గోరీల మీది గింజ అంటే ఊరోళ్ళు తమ గొడ్లను కంచెల అడుగు పెట్టనిస్తరా? అదొక్కటి. ఇంకోటి, ఇంటి పెద్దాడిది తన కండ్లు పోయేటప్పుడే ఎనుకదానికి చెప్పాలెనని మా అత్త ఒట్టు పెట్టింది. నా కండ్లు పోతున్నయనుకొని చెప్దామనే ఉంటి. గా డాక్టరేమో పోవన్నడు." ముసలామె అద్దాలు మళ్ళీ పైకి తోసుకుంది. "ఇంక టైమున్నదిలే అనుకున్న."

ఖాజాబీ ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది. ఎవరో శత్రువు చేసిన పనైతే కొడవలి పట్టుకుని వాడి మీదికి పోయేది, ఇది తన చేత్తో చేసింది. కానీ నిజం చెప్పాలంటే ఆ సిగ్గు వెనకే ఇంకోటి కూడా ఆమె గుండెలో నిండింది. అబ్బా, దాదా, దాదా తండ్రి, పేరు కూడా తెలియని ముత్తవ్వలు, ఇంతమంది ఇన్నేళ్ళుగా రొమ్ము మీద గడ్డి మోస్తూ కంచెను కాపాడారు. ఏ రాజూ జీతం ఇవ్వకుండానే ఇదంతా జరిగింది. ఆమె ముక్కు చీదుకుని లేచి నిలబడేసరికి గుట్ట మలుపులో రెండు జీపులు కనిపించాయి.

ముందు జీపులోంచి కమిటీ పెద్ద కృష్ణకాంత్ దిగాడు. నెరిసిన మీసం, చేతిలో కంచె రికార్డుల నకళ్ళు, మాట మెత్తన. వెనకాల సర్పంచ్ దశరథం. కంచె అతని పంచాయతీ కిందికే వస్తుంది. నీలగిరి తోట వస్తే మొదట్లో పెట్టే బోర్డు మీద తన పేరు ఎంత లావు అక్షరాలతో ఉండాలో కూడా అతను నిర్ణయించుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. సుహాసిని ఇద్దరి మధ్యా నడిచి వచ్చింది. ఖాజాబీ ఆమెను పక్కకు లాగి నాలుగు మాటల్లో విషయం చెప్పింది. సుహాసిని గోడ మీది నుంచి లోపలికి చూసింది. గడ్డి మీద అంత చదువు చదివి, మూడేళ్ళుగా ఈ గోడ పక్కనే నడుస్తూ, లోపల ఏముందో తానూ చూడలేదు.

"ఇప్పుడైతే చెప్పొద్దు ఖాజక్కా" అంది గొంతు తగ్గించి. "ముందు ఆయన సంతకం కానీయ్. గింజ సంగతి ఎన్కకు చూసుకుందాం."

అంతలోనే కృష్ణకాంత్ ఖబ్రస్తాన్ గోడ దగ్గర ఆగాడు. లోపలికి చూసి తల ఊపాడు. "ఎంత శుభ్రంగా పెట్టుకున్నరు! పెద్దల మీద గౌరవమంటే ఇట్ల ఉండాలె. రాసుకోండి" అన్నాడు పక్కనున్న గుమాస్తాతో.

వారం రోజులుగా ఖాజాబీ కలలు కన్న మాట అదే. తీరా అది చెవిన పడేసరికి చెంప మీద కొట్టినట్టయింది. సుహాసిని ఆమె చెయ్యి నొక్కింది. ఖాజాబీ ఆ చెయ్యి విడిపించుకుంది.

"రాయొద్దు సార్" అంది. "అది సాఫ్ జేసుడు గాదు, తప్పు జేసుడు. నేనే జేసిన."

గోడ పక్కన నిలబడి అంతా చెప్పింది. దాచలేదు, తగ్గించలేదు. గింజ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు దాచారో, ఎవరు కోశారో చెప్పింది. గుమాస్తా కలం ఆగిపోయింది. కృష్ణకాంత్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

దశరథం నోరు ఊరికే ఉండదు కదా. "విన్నరు గద సార్. ఉన్న గింజను కాపాడుకోలేనోళ్ళు కంచెను కాపాడుతరా? అయినా యాడికెల్లో వచ్చినోళ్ళకు ఈ మట్టి మీద ప్రేమ, పావురం ఎట్లుంటది?"

ఆ మాట ఖాజాబీ పుట్టినప్పటి నుంచి వింటోంది. బడిలో, బస్సులో, సంతలో. ఇన్నాళ్ళూ జవాబు దొరకక తల దించుకునేది. ఈ రోజు జవాబు గోడ అవతలే పడుకుని ఉంది.

"సర్పంచ్ సాబ్, మావోళ్ళు నూటపన్నెండు మంది ఈ మట్టిల ఉన్నరు" అంది.

"నూటపదకొండు" అని వెనక నుంచి లాల్‌బీ గొణిగింది. అది ఎవరూ పట్టించుకోలేదు.

"గుర్రాల గడ్డి చూస్కొమ్మని రాజు మా ముత్తాతలకు చెప్పిండు. రాజు పోయిండు, గుర్రాలు పోయినయ్. ఇగ ఇంటికి పోండ్రని మాకు ఎవ్వరు చెప్పలే. మా దాదా సచ్చి ముప్పై ఏండ్లాయె, ఇంకా డ్యూటీల్నే ఉన్నడు. మీ వంశంల సచ్చినంక గూడ పని జేసినోడు ఎవ్వడన్న ఉంటే చెప్పు, నేను కంచె ఇడిచిపెట్టి పోత. కమిటీ సారూ, మొదటి వాన పడ్డంక నువ్వు వచ్చి చూడు. గూడెం గూడెమంత మర్ఫా డప్పులు కొట్టుకుంట ఒట్టికాళ్ళతోని తొక్కుతం. గట్ల తొక్కితెనే గింజ నేలల దిగుతది. నీలగిరి మొక్కకు గిదంత అక్కర లేదు, నాకెరుకే. గుంత తీసి పెడితె పెరుగుతది. గని దాని కింద ఒక్క మేకన్న మేస్తదా?"

గోడ చుట్టూ మూగిన ఆడవాళ్ళు వీపులు నిటారుగా చేసుకుని నిలబడ్డారు. సుహాసిని కళ్ళు తుడుచుకుంది. సంతకం అయ్యేదాకా దాచమన్నందుకు ఆమెకు లోపల ఎంత నామోషీ అయిందో ఆమె ఖాజాబీకి తర్వాత చాలాసార్లు చెప్పుకుంది.

కృష్ణకాంత్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మా, నువ్వు చెప్పింది నాకు నచ్చింది. కానీ నచ్చిందని రాస్తే కమిటీలో నడవదు. వచ్చే మృగశిరకు చల్లే గింజ నా కంటికి కనబడాలె. మేము కంచె తిరిగి పగలు పన్నెండు గంటలకు ఈడికే వస్తం. అప్పటికి గింజ ఉంటే, ఈ కంచె బీడు కాదని నేనే రాస్త. లేకుంటే నా చేతిల ఏం లేదు."

జీపులు కదిలాయి. లాల్‌బీ కర్ర పట్టుకుని లేచింది. ఇంతసేపూ ఎవరికీ తట్టని ప్రశ్న ఆమె అడిగింది.

"కోసిన గడ్డి ఏం జేసినవే?"

"కట్టలు గట్టి గోడ పక్కకు పెట్టిన. సర్పంచ్ సాబ్ ట్రాక్టర్ వచ్చి బర్లకని తీస్కపోయింది."

"ఎన్నడు?"

"శుక్రారం."

"పండినంక కోసినవ్ గద. కంకి దులపకుంటె గింజ కట్టల్నే ఉంటది." లాల్‌బీ అప్పటికే నడక మొదలుపెట్టింది. "దశరథం బర్లకు ఎంత ఆకలైందో చూద్దాం పా."

ఖాజాబీ, సుహాసిని, లాల్‌బీ ముగ్గురూ ఊళ్ళోకి నడిచారు. వాళ్ళు వస్తున్న సంగతి తెలిసిందేమో, దశరథం దారి మధ్యలోనే జీపు దిగి వాళ్ళకంటే ముందు తన బర్ల కొట్టం చేరుకున్నాడు. వాకిట్లో నిలబడి, "ఎప్పుడో తిన్నయ్. మూడు దినాలాయె. బర్లు పస్తుంటయా?" అన్నాడు. ఖాజాబీ కొట్టంలోకి తొంగి చూసింది. పదకొండు బర్రెలు వరిగడ్డి నములుతున్నాయి. గాడి నిండా వరిగడ్డే. ఎర్రకంకి ఒక్కటి లేదు. ఇంతదూరం నిలబెట్టుకొచ్చిన ధైర్యమంతా ఆ గాడి ముందు జారిపోయింది.

"తినలే" అంది ఒక గొంతు లోపలి నుంచి.

దశరథం తల్లి నర్సింగమ్మ మంచం మీంచి లేచి వచ్చింది. లాల్‌బీకి ఈడుకు ఈడు. నడుము వంగింది గానీ మాట వంగలేదు. కొట్టం పైన ఉన్న అటుక వైపు వేలు చూపించింది. పైన, దుప్పటి పరిచి, దాని మీద ఒక్కొక్క కట్ట పసిపిల్లను పడుకోబెట్టినట్టు పేర్చి ఉంది. కంకి ఒక్కటి రాలలేదు.

"నా కొడుక్కు తెల్వది. నేనే జీతగానితోని పైకెక్కిచ్చిన" అంది నర్సింగమ్మ. "గీ గడ్డిని నేను ఎరుగుదు. నా చిన్నప్పుడు మా అమ్మ యేడాదికొక్కసారి నన్ను ఎంటబెట్టుకొని మీ గోడ దాక వస్తుండె. గోడ దాటకపోయేది. కొంగుల ముడిసిన గింజ మూలకున్న గోరీ మీదికి ఇసిరి, దండం బెట్టి మర్లొస్తుండె. ఎందుకని అడిగితె నా నోరు మూస్తుండె. డెబ్బై ఏండ్ల సంది అడుగుదామని నీ దిక్కు చూస్తున్న లాల్‌బీ, నోరు రాలే. గడ్డి తీస్కపో. ఒక్క కట్ట గూడ నాకొద్దు. గని గా మూల గోరీ ఎవరిదో నా కొడుకు ముందట చెప్పి తీస్కపో."

లాల్‌బీ నల్లద్దాలు తీసింది. ఆపరేషన్ అయిన కన్ను వెలుతురుకు నీళ్ళు కార్చింది. ఖాజాబీకి అప్పుడు గుర్తొచ్చింది. నూటపన్నెండు కాదు, నూటపదకొండు అని పొద్దున దాదీ గొణిగిన మాట.

"మీ నాయినది, నర్సింగమ్మా" అంది లాల్‌బీ. "బుచ్చయ్యది."

తన తాత బుచ్చయ్య తీర్థానికి పోయి తిరిగి రాలేదని దశరథం పుట్టినప్పటి నుంచి విన్నాడు. ఏటా పెద్దల పండుగకు ఆయన పేరు మీద బియ్యం ఇచ్చేవాడు.  నర్సింగమ్మ ఏడవలేదు. ఎప్పుడో తెలిసిన మాటను ఇప్పుడు చెవులతో విన్నట్టు తల ఊపి, కొడుకు వైపు తిరిగింది.

"ఎక్కి దించురా. మీ తాత మీది గడ్డి గూడ అండ్లనే ఉన్నది."

దశరథం అటుకకు ఆనించి ఉన్న నిచ్చెన ఎక్కాడు. మొదటి కట్ట మీద చెయ్యి వేసి, కిందికి చూడకుండానే అడిగాడు. పొద్దున్న గోడ దగ్గర వినిపించిన గొంతు కాదది.

"మా తాతను మీరెందుకు దాచిన్రు?"

ఊరి బయట జీపు హారన్ మోగింది. పన్నెండు కావస్తోంది. ఖాజాబీ కట్ట అందుకోవడానికి చేతులు చాచింది గానీ, దాదీ మాట కోసం అలాగే ఆగిపోయింది.

"మేము దాయలే బిడ్డా" అంది లాల్‌బీ. "రాజ్యం పోయిన దినాల్ల మా మీదికొచ్చినోళ్ళకు దొరకకుంట ఆయననే మా గూడెమోళ్ళందర్ని దాచిండు. గందుకే సంపిన్రు."